పెరుగు గిన్నె పక్కన పెన్ను

ప్రొద్దుటూరులో ఒక ఫ్రిజ్ నడిమి అరలో, పెరుగు గిన్నె పక్కన నా కాపురం. పెన్నునే గానీ రాయడానికి పనికిరాను. నా కడుపులో ఉండేది గ్రోత్ హార్మోన్. పిల్లోడి పిట్యూటరీ గ్రంథి చేయలేని పని నా మీద పడింది. రాత్రి పడుకోబోయే ముందు అమ్మ కొత్త సూది తొడిగి, మోతాదు తిప్పి, వాడి తొడ చర్మం కింద గుచ్చి, పది లెక్కపెట్టేదాకా నన్ను కదలనివ్వదు. నిన్న కుడి తొడ, ఈరోజు ఎడమ తొడ. ఒకేచోట పొడుస్తూ పోతే అక్కడి కొవ్వు తగ్గి గుంట పడుతుంది.

మా వంశానికి ఒక మచ్చ ఉంది. ఒకప్పుడు ఈ హార్మోన్‌ను చనిపోయినవాళ్ల పిట్యూటరీల నుంచి తీసేవాళ్లు. ఆ మందు వాడిన కొందరికి క్రూట్జ్‌ఫెల్ట్-జేకబ్ అనే ప్రాణాంతకమైన మెదడు జబ్బు అంటిందని 1985లో బయటపడింది. అమెరికాలో ఆపేశారు. అదే ఏడాది బ్యాక్టీరియాతో చేసిన హార్మోన్‌కు అక్కడ అనుమతి వచ్చింది. నాది ఆ తర్వాతి తరం, ఆ భయం లేదు.

వేరే భయాలున్నాయి. అరుదే, కానీ వస్తే మామూలు నొప్పుల వేషంలో వస్తాయి. కానీ ఇంట్లో అందరి కళ్లూ గోడ మీద వాడి ఎత్తు గుర్తుపెట్టిన పెన్సిల్ గీతల మీదే!

మొదలుపెట్టిన కొత్తలో వాడికి తలనొప్పి. "ఎండలో ఆడితే నొయ్యదా మరి" అన్నాడు నాయన. మే నెలలో మా ఊరి ఎండకు ఎవరైనా ఆ మాటే అంటారు. కానీ దానికి వాంతులు, మసక చూపు తోడైతే పుర్రెలో ఒత్తిడి పెరిగిందేమోనని అనుమానించాలి. కంటి డాక్టరు లోపలి నరం చూసి పట్టుకుంటాడు. మందు ఆపితే సాధారణంగా తగ్గుతుంది. మావాడిది మాత్రం నిజంగా ఎండే.

సెలవులకు జమ్మలమడుగు పోయినప్పుడు, "మోకాలు నొస్తాంది జేజీ" అని కుంటుతూ వచ్చాడు. జేజి ఆముదం వెచ్చజేసి రుద్దింది. నాకు నోరుంటే తుంటి చూడండని అరిచేదాన్ని. తొడ ఎముక తల తుంటి దగ్గర జారినా నొప్పి మోకాల్లో తెలియవచ్చు. తుంటి గురించి డాక్టరు చెప్పిన మాట అమ్మకు గుర్తొచ్చి మర్నాడే ఎక్స్‌రే తీయించింది. ఎముక దాని చోటే ఉంది. ఆముదంతోనే తగ్గిందని జేజి ఇప్పటికీ అంటుంది.

పులివెందులలో పిన్ని నన్ను ఫ్రీజర్‌లో పెట్టింది. "ఆడైతే ఇంకా సల్లగుంటాది గదక్కా!" నాకు కావలసింది 2 నుంచి 8 డిగ్రీలు. గడ్డకట్టిన మందు మళ్లీ కరిగినా వాడకూడదు. వేల రూపాయలు చెత్తబుట్టలో పడ్డాయి. అమ్మ చెల్లెల్ని ఒక్క మాట అనలేదు, మూడు రోజులు మాట్లాడనూ లేదు.

తిరుపతిలో డాక్టరు ముందు నాయన తొలి ప్రశ్న, "ఎన్ని సెంటీమీటర్లు పెరిగినాడు సార్?" డాక్టరు వాణ్ని ముందుకు వంగమని వెన్ను వంకర పోయిందేమో చూశాడు. నడిపించాడు. చక్కెర, థైరాయిడ్, నా పని ఎట్లుందో చెప్పే ఐజీఎఫ్-1 పరీక్షలు రాశాడు. తీరా చూస్తే థైరాయిడ్ తగ్గింది. దాగి ఉన్న ఆ లోపం నేను వచ్చాక బయటపడటం ఉన్నదే. అన్ని నొప్పులకూ భయపడితే, వచ్చింది మాత్రం నొప్పీ కుంటూ లేకుండా వచ్చింది. దాన్ని అట్లే వదిలేస్తే ఎదుగుదలా మందగిస్తుంది. పరగడుపున వేసుకోమని మాత్ర ఇచ్చారు. దానికి ఫ్రిజ్ అక్కర్లేదు, టీవీ పక్కనే ఉంటుంది.

బయటికి రాగానే నాయన జేజికి ఫోన్ చేశాడు. చెప్పింది సెంటీమీటర్ల సంగతే.