ఖాళీ పేపరు మీద కొలువు

బడిలో పంతులు ఉండడు, బజారులో పంతులుద్యోగం ఉంటుంది. ఈ రెండూ ఒకేచోట సాధ్యమని పశ్చిమ బెంగాల్ రుజువు చేసింది. ఖాళీలు పది శాతం మించరాదని విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ అంటుంది. మించితే ఎవరి చెవి మెలిపెట్టాలో మాత్రం చెప్పదు.

అక్కడి నియామకాలకు 1997 చట్టం కింద స్కూల్ సర్వీస్ కమిషన్ ఉంది. 2016 నియామకాలకు, బోధనేతర సిబ్బందితో కలిపి, 23 లక్షల మందికి పైగా పరీక్ష రాశారు. పోస్టులు 24,640. నియామక పత్రాలు 25,753. ఈ తీసివేతను ఏ లెక్కల మాస్టారూ బోర్డు మీద చేసి చూపలేడు. ఖాళీ ఓఎమ్మార్ జవాబు పత్రం ఇచ్చినవారికీ కొలువులొచ్చాయి. నిజమే, ఒక్క గడీ నింపనివాడు ఒక్క తప్పూ రాయలేదు కదా! 2022 జులైలో మాజీ విద్యామంత్రి పార్థా చటర్జీ అరెస్టయ్యారు. ఆయన సన్నిహితురాలి ఫ్లాట్లలో దొరికిన సుమారు 50 కోట్ల నగదును లెక్కించడానికి మాస్టార్లు చాలలేదు, యంత్రాలు తెప్పించారు.

అసలు ఓఎమ్మార్ పత్రాలను కమిషన్ ఎప్పుడో నాశనం చేసింది. తాలు, గింజ విడదీసే దారి లేక 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నియామకాల కుప్ప మొత్తాన్నీ కొట్టేసింది. గింజలకు అన్యాయం జరిగిందని అందరికన్నా గట్టిగా ఏడ్చింది చేటను తగలబెట్టినవారే.

నిబంధనలు సడలించడం 2021లో నాటి ముఖ్యమంత్రి మమతా బెనర్జీని గెలిపించిన కలకత్తా పేట భవానీపూర్‌కు కొత్త కాదు. ఆ పేట నడిమి రోడ్డుకు పేరున్న ఆశుతోష్ ముఖర్జీ కలకత్తా విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. అక్కడ భౌతికశాస్త్రంలో పాలిత్ ప్రొఫెసర్ అయ్యేవారు విదేశీ శిక్షణ పొందాలన్న షరతుకు సి.వి. రామన్ ససేమిరా అంటే, ముఖర్జీ ఆ షరతునే పక్కన పెట్టించారు. 1917లో రామన్ చేరారు. 1921లో మైసూరు నుంచి రాధాకృష్ణన్ వచ్చారు. తిరుత్తణి తెలుగింటి బిడ్డ. గురువు కోసం నిబంధన వంగిన ఊళ్లోనే, వందేళ్లకు, నిబంధన కోసం గురువులు వంగారు.

మచ్చలేని ఉపాధ్యాయులు 2025 డిసెంబరు 31 దాకా పాఠాలు చెప్పుకోవచ్చనీ, ఈలోగా కొత్త నియామకాలు జరగాలనీ కోర్టు దయతలచింది. 2025 సెప్టెంబరు 5న, రాధాకృష్ణన్ పుట్టినరోజున, పిల్లలు వాళ్లకు పువ్వులిచ్చారు. 7న తొమ్మిది, పది తరగతుల టీచర్లు, 14న ఇంటర్ స్థాయివాళ్లు హాల్‌టికెట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఈసారి ఓఎమ్మార్ కార్బన్ కాపీ ఇంటికి తీసుకెళ్లనిచ్చారు.