నల్ల గోళీల పెట్టె ఆత్మకథ

చందా కట్టగలిగినంత మాత్రాన ఎవరినీ చేర్చుకోని సంఘానికి రెండు గుమ్మాలుంటాయి. మొదటిది రుసుము, రెండోది ఎంపిక. మొదటి గుమ్మం దగ్గర రసీదు పుస్తకం ఉంటుంది. రెండో గుమ్మం దగ్గర చాలాకాలం ఒక చెక్కపెట్టె ఉండేది. ఈ ఆత్మకథ చెబుతున్నది ఆ పెట్టే. ఏదో ఒక్క క్లబ్బు బల్ల మీది పెట్టె కాదు. తన తోటి పెట్టెలన్నిటి తరఫున చెబుతున్నది కనుక తనను తాను ‘ఈ పెట్టె’ అనే పిలుచుకుంటుంది.

దీని వంశమూలం వెనిస్‌లో ఉంది. ఆ గణతంత్రంలో పాలకుడైన డోజ్‌ను ఎన్నుకునేటప్పుడూ, పదవులు పంచేటప్పుడూ సభ్యులు గోళీలు వేసి ఓటు చెప్పేవారు. 1656లో ఇంగ్లిష్ రచయిత జేమ్స్ హారింగ్టన్ ‘ఓషియానా’ అనే గ్రంథంలో ఆ పద్ధతిని గట్టిగా సమర్థించాడు. 1659లో ఆయనా, ఆయన మిత్రులూ లండన్‌లో రోటా క్లబ్బు పెట్టారు. కాఫీ హౌసులో కూర్చుని రాజ్యాంగం గురించి చర్చించి, చివరికి పెట్టెలో ఓట్లు వేసి తేల్చుకునేవారని ఆ కాలపు రచయిత జాన్ ఆబ్రే రాసిపెట్టాడు. రాజ్యం నడపడానికి పుట్టిన సాధనం ఆ తర్వాత సభ్యులను చేర్చుకునే పనికి, అంతకన్నా ఎక్కువగా చేర్చుకోని పనికి మళ్లింది. ఆ రోజుల్లో కాఫీ హౌసులో ఒక పెన్నీ ఇచ్చి కూర్చోగలిగేవారు. 1693లో ఇటలీ నుంచి వచ్చిన ఫ్రాన్సెస్కో బియాంకో తెరిచిన చాక్లెట్ దుకాణం కూడా అలాంటిదే. అదే కాలక్రమంలో తలుపులు మూసుకుని వైట్స్ క్లబ్బు అయింది. తలుపు మూసిన చోట, ఎవరికి తెరవాలో తేల్చడానికి ఈ పెట్టె కావలసి వచ్చింది.

సభ్యత్వం కోరేవాడి పేరు ముందు ఒక పుస్తకంలో ఎక్కుతుంది. ఒక సభ్యుడు ప్రతిపాదించాలి, ఇంకొకడు బలపరచాలి. ఎరిగినవాళ్లు ఆ పేరు కింద సంతకాలు చేస్తారు. సంతకాలు పలచగా ఉంటే, అవమానం దాకా రానివ్వకుండా ప్రతిపాదించినవాడే పేరు వెనక్కి తీసుకోవడం మర్యాద. ఆ తర్వాత ఎన్నిక. పెట్టె లోపల నిలువుగా ఒక అడ్డుచెక్క, కింద రెండు సొరుగులు ఉంటాయి. ఒకటి ‘అవును’, ఒకటి ‘కాదు’. సభ్యుడు బెండు గోళీ గుప్పిట్లో పెట్టుకుని, మణికట్టు దాటేదాకా చెయ్యి రంధ్రంలోకి పోనిచ్చి ఎడమకో కుడికో వదులుతాడు. చెయ్యి ఎటు తిరిగిందో బయటికి కనపడదు. బెండు కనుక పడిన చప్పుడూ వినపడదు. కొన్ని చోట్ల సొరుగులకు బదులు రంగులుంటాయి: తెల్ల గోళీ అయితే సరే, నల్లది అయితే వద్దు. ఫ్రీమేసన్ అనే సోదర సంఘపు శాఖలైన కొన్ని లాడ్జీల్లో నల్ల గోళీలకు బదులు చిన్న ఘనాలు పెడతారు. మసక వెలుతురులో వేళ్లతో తడిమినా ఏది గుండ్రనిదో, ఏది పలకలదో తెలుస్తుంది కాబట్టి, వేసేవాడి పొరపాటు వల్ల ఎవరి దరఖాస్తూ పోదు. ఇంత చిన్న విషయం పట్టించుకున్నవారి మీద ఈ పెట్టెకు గౌరవం.

సగానికి పైగా ఓట్లు వస్తే గెలుపు అన్న లెక్క ఇక్కడ చెల్లదు. పదింటికి ఒక నల్ల గోళీ పడితే పేరు కొట్టేయడం లండన్ క్లబ్బుల్లో మామూలు నియమంగా ఉండేది. ఇంగ్లండు మేసన్ల నిబంధనల ప్రకారం మూడు నల్లవి పడితే తిరస్కారమే. ఏ లాడ్జి అయినా తన నియమావళిలో ఆ సంఖ్యను ఇంకా తగ్గించుకోవచ్చు. దీని వెనక కారణం ఉంది. సభ్యుడంటే ఏడాది పొడవునా అదే భోజనాల గదిలో ఎదురుపడే మనిషి. అతని ముఖం చూడలేక పాతవాళ్లు రావడం మానేస్తే, కొత్తవాడు తెచ్చిన చందా కన్నా పోయిన చందాలే ఎక్కువవుతాయి.

డబ్బు అవసరం మాత్రం ఎంపిక మీద ఎప్పుడూ ఒత్తిడి పెడుతూనే ఉంటుంది. శాస్త్రంలో, సాహిత్యంలో, కళల్లో పేరున్నవారి కోసం 1824లో జాన్ విల్సన్ క్రోకర్ చొరవతో అథీనియం క్లబ్బు ఏర్పడింది. లండన్‌లోని పాల్ మాల్ వీధిలో గొప్ప భవనం కట్టుకుంది. తర్వాత నిధులు కావలసి వచ్చి 1838లో కమిటీ ఒక్కసారిగా నలభై మందిని ప్రత్యేకంగా చేర్చుకుంది. ‘నలభై దొంగలు’ అని పేరుపడిన ఆ జాబితాలో చార్లెస్ డార్విన్, చార్లెస్ డికెన్స్ ఉన్నారు. సంఖ్య పెరిగింది గానీ స్థాయి దిగలేదు. ఇబ్బందుల్లో పడిన ఏ సంఘమైనా చూసి నేర్చుకోవలసిన పని అది.

వలస దేశాలకు వచ్చాక జరిగింది చెప్పకపోతే ఈ ఆత్మకథ అబద్ధమవుతుంది. కలకత్తాలో బెంగాల్ క్లబ్బు 1827లో, మద్రాసులో మద్రాస్ క్లబ్బు 1832లో వెలిశాయి. సికింద్రాబాద్ క్లబ్బు 1878లో బ్రిటిష్ సైనికాధికారుల కోసం మొదలైంది. బెంగాల్ క్లబ్బులో భారతీయుల పేరు ఓటు దాకా కూడా వచ్చేది కాదు. వారికి సభ్యత్వం దొరికింది 1959లో, స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండేళ్లకు. వైస్రాయి మింటో ప్రభువు పారిశ్రామికవేత్త రాజేంద్రనాథ్ ముఖర్జీని ఆ క్లబ్బుకు విందుకు పిలిస్తే లోపలికి రానివ్వలేదనీ, అందుకే 1907లో అందరికీ ప్రవేశం ఉండేలా కలకత్తా క్లబ్బు పుట్టిందనీ చెబుతారు. జార్జ్ ఆర్వెల్ 1934లో అచ్చయిన ‘బర్మీస్ డేస్’ నవలను ఇలాంటి ఒక క్లబ్బు సభ్యత్వం చుట్టూ నడిపాడు. మంచివాడైన భారతీయ వైద్యుడు వీరాస్వామి అందులో సర్వనాశనమవుతాడు, కుట్ర పన్నినవాడు సభ్యుడవుతాడు. ఆడవారి సంగతీ అంతే. లండన్‌లో 1831లో ఏర్పడిన గారిక్ క్లబ్బు వారిని సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకున్నది 2024 మేలో. రహస్య ఓటుకు కారణం చెప్పనక్కర్లేదు. కారణం చెప్పనక్కర్లేని చోట ద్వేషానికీ ఓటుంటుంది.

గోళీ లేని ఎంపికలూ వచ్చాయి. 1946లో ఆక్స్‌ఫర్డ్‌లో రోలండ్ బెరిల్, లాన్స్‌లాట్ వేర్ స్థాపించిన మెన్సాలో చేరాలంటే గుర్తింపు పొందిన తెలివితేటల పరీక్షలో పైనున్న 2 శాతంలో నిలవాలి, ఆపైన ఏటా చందా కట్టాలి. అర్హత ముందే అందరికీ తెలుసు. అందులో నెగ్గినవాణ్ణి ముఖం నచ్చలేదని ఆపడానికి లేదు. పెట్టె కన్నా అది మెరుగు.

ఇప్పుడు ఈ పెట్టె పని ఇంటర్నెట్టుకు మారింది. 2004లో ఎరిక్ వాక్ట్‌మైస్టర్ ప్రారంభించిన ‘ఎ స్మాల్ వరల్డ్’ అనే సోషల్ నెట్‌వర్క్ పాత సభ్యుల ఆహ్వానంతోనే చేర్చుకునేది. 2013లో చందా విధానానికి మారింది. ప్రతిపాదన, బలపరచడం, ఎన్నిక పేర్లు మార్చుకుని ఆహ్వానపు లింకు, దరఖాస్తు ఫారం, కమిటీ ఆమోదం అయ్యాయి. తిరస్కారం మాత్రం మునుపటిలాగే నోరు విప్పదు.

మన దగ్గర ఇలాంటిది మొదలుపెట్టేవారికి చట్టం కొన్ని హద్దులు గీసింది. సొసైటీగా నమోదు చేసుకోవాలంటే 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనీసం ఏడుగురు కావాలి. సభ్యుల నుంచి తీసుకునే చందాకూ పన్ను వర్తించేలా 2021లో జీఎస్టీ చట్టాన్ని సవరించారు. సేవల రాబడి ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. కార్డు నుంచి చందా దానంతటదే కోతపడే ఏర్పాటు ఉంటే, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం సభ్యుడికి కనీసం 24 గంటల ముందు కబురు అందాలి. దరఖాస్తుదారుల వివరాలు దేనికి తీసుకున్నారో ఆ పనికే వాడాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది.

ఎవరిని ఎందుకు కాదన్నారో చెప్పాలని మాత్రం ఈ నిబంధనలేవీ కోరవు. అది సంఘం పెట్టినవారి మనస్సాక్షికి వదిలేసిన పని. కాబట్టి కొత్తగా సభ్యత్వ సంఘం పెట్టేవారికి ఈ పెట్టె విన్నపం ఇది. రుసుము ఎంతో తేల్చకముందే అర్హతలు రాసి బయటపెట్టండి. పుట్టుకతో వచ్చినదేదీ అందులో చేర్చకండి. నిర్ణయం తేలేదాకా డబ్బు తీసుకోకండి. తీసుకుంటే, కాదన్ననాడు పూర్తిగా తిరిగి ఇవ్వండి. కాదన్న ప్రతి ఒక్కరికీ కారణం రాతపూర్వకంగా ఇవ్వండి.