చెట్టు కొట్టి కర్ర పాతాం

పత్తి చేలో పిట్టలు వాలడానికి కర్రలు పాతమని మొన్న వ్యవసాయ శాఖ కుర్రాడొకడు చెప్పిపోయాడు. కర్ర కొసన అడ్డంగా ఇంకో పుల్ల కట్టాలట. ఏట్రింతలు దానిమీద కూర్చుని పచ్చపురుగుల్ని ఏరుకుతింటాయట. మంచి మాటే. కానీ నాకు నవ్వొచ్చింది. అతను నిలబడి చెప్పిన గట్టుమీదే మా తాత నాటి చింతచెట్టు ఉండేది. కొట్టించింది నేనే.

మా రోజుల్లో డొంక పొడవునా చింతలూ వేపలూ, గట్లమీద తాళ్ళూ. మా చింత మొదలు నలుగురం చేతులు కలిపితేగానీ అందేది కాదు. కొమ్మ విరిగినచోట తొర్రలో చిలకలు. దానికింది తొర్రలో చిన్న గుడ్లగూబల జంట. పగలు మేం కిందనించి చూస్తుంటే అవీ తలలు పైకీ కిందకీ ఆడిస్తూ మమ్మల్ని చూసేవి. పొద్దుగూకితే చేలో దిగేవి. తెల్లారి చెట్టుకింద అవి కక్కిన ఉండల్ని పుల్లతో విడదీస్తే ఎలక ఎముకలు, పురుగుల రెక్కలు, తొడుగులు. మాకదే ఆట. గట్టు వారన రేగు కంప, కలే పొదలు; వాటిలో కౌజులు, ముంగిసలు. ఇప్పుడా గట్టుకు గడ్డిమందు కొట్టి గుండు చేశాం.

అన్ని పిట్టలకూ తొర్ర తొలిచే ముక్కు ఉండదు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేస్తేనో, విరిగిన కొమ్మలోకి వాననీళ్ళు దిగి కుళ్ళితేనో గోరింకకు, పాలపిట్టకు, గుడ్లగూబకు కొంప. చిలక అయితే ఉన్న బొక్కను కాస్త కొరికి వెడల్పు చేసుకుంటుంది. ఏదైనా ముందు మాను ముసలిదవ్వాలి. వనమహోత్సవం నాడు ఫొటో దిగి నాటిన కానుగ మొక్కకు తొర్ర ఎక్కణ్ణించి వస్తుంది?

మా తరం మాత్రం తక్కువ తిన్నదా? మా వైపు 1920ల నించీ వర్జీనియా పొగాకు. ఆకు ఆరబెట్టే బ్యారన్ పొయ్యిలు ఎన్ని మానుల్ని మింగాయో! చింత నీడన నాలుగు సాళ్ళ మిరప కాయడం లేదని 1987లో నేనూ మాదాన్ని బ్యారన్‌కి కట్టె కింద అమ్మాను. ఆ డబ్బు ఆ ఏడు పురుగుమందుకే చాల్లేదు. పురుగు పత్తిని ఊడ్చేసి, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆ మందే తాగిన ఏడది. చెట్టుంటే పురుగు ఆగేదని నేననను, అంత ఉధృతికి ఏట్రింతలేం చేస్తాయి? కానీ మందుమీద మందు కొట్టేకొద్దీ పురుగు మొండికెత్తింది, దాన్ని తినేవి చచ్చాయి.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చూశారా? చెరువులో సర్కారు తుమ్మల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టారు. వాటిమీదా వాలుతున్నాయి పాపం, ఏం చేస్తాయి! ఇనుప చెట్టుకు చిగురుండదు, పట్టే పురుగుండదు, తొర్ర అసలే ఉండదు.

ఇప్పుడు మా పొలంలో మిగిలింది ఒక్క మోడు తాడి. పిడుగుపడి తలపోయింది. మొన్న కాలవ తవ్వడానికొచ్చిన జేసీబీ కుర్రాడు, "తాతా, ఎండిపోయిందిగా, ఒక్క తోపు తోసేస్తా, డబ్బులొద్దులే" అన్నాడు.

"ఎండిందనేరా ఉంచమంటున్నా" అన్నాను. వాడు నావంక వింతగా చూసి, బండి తాడికి నాలుగు గజాల దూరంనించి తిప్పుకుపోయాడు.

వైశాఖంలో దాని కొసన పాలపిట్ట పిల్లల్ని చేసింది. మిడతను నోట కరుచుకుని, రెక్కల నీలం ఒక్కసారి తళుక్కుమనిపించి లోపలికి దూరేది. వ్యవసాయ శాఖ కుర్రాడు చెప్పిన కర్రలు కూడా పాతాను. ఏట్రింత కరెంటు తీగమీద కూర్చుంటోంది.