ఎలుగు ముట్టని కెమెరా: ఏడు పోగొట్టుకున్నవాడి చిట్కాలు

నల్లమలలో ఒక వేసవంతా పులుల లెక్క కోసం కెమెరాలు కట్టే పని చేశాను. తొమ్మిది జతలు, అంటే పద్దెనిమిది కెమెరాలు నా చేతికిచ్చారు. నెల తిరిగేసరికి పదకొండు మిగిలాయి. పోయినవాటిలో ఒక్కటి కూడా దొంగలపాలు కాలేదు, ఏడింటికి ఏడూ గుడ్డెలుగులే పీకాయి. ఇంత అనుభవం గడించినవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. అందుకని, కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పడం నా ధర్మం అనుకుంటున్నాను.

ముందు చెట్టు సంగతి. కెమెరాకి గట్టి చెట్టు కావాలి. గట్టిదని ఎలా తెలుస్తుందంటారా? బెరడు మీద గోళ్ల గీతలుండాలి, మాను ఒకవైపు నున్నగా అరిగి ఉండాలి, పగుళ్లలో నల్లటి వెంట్రుకలు నాలుగు చిక్కుకుని ఉండాలి. ఇన్ని పోట్లు తిని కూడా నిలబడిందంటే అంతకన్నా గట్టి చెట్టు ఏముంటుంది, అక్కడే కట్టేయండి. మాతో వచ్చిన చెంచు పెద్దాయన మాత్రం నన్ను ఆపబోయాడు. "సారూ, అది దాని చెట్టు. వీపు గోక్కుంటది, తన గుర్తు పెట్టుకుంటది" అన్నాడు. ఇది సర్కారు అడవి పెద్దాయనా, చెట్లన్నీ సర్కారువే అని నచ్చజెప్పాను. ఎండాకాలం కాబట్టి రెండో కెమెరాకి మంచి నీడ చూసి ఇప్పచెట్టు మొదట్లో కట్టాను. పూలు రాలే రోజులు. తెల్లారేసరికి పూలూ లేవు, కెమెరా కూడా లేదు.

దగ్గర్లో చెదపుట్ట ఉంటే మరీ మంచిది. పుట్ట దొరికితే ఎలుగుకి ఇంకేదీ పట్టదు. గోళ్లతో పుట్టని చీల్చి, దుమ్ము పోకుండా ముక్కు మూసుకుని, పెదాలు గొట్టంలా చాపి చెదల్ని జుర్రుతుంది. దాని పైదవడలో ముందు రెండు పళ్లు ఉండవు, ఆ సందులోంచే పీల్పంతా. ఆ చప్పుడు వంద మీటర్లు దాటి వినిపిస్తుంది. కడుపు నిండినవాడు పక్కింటి కుండలో చెయ్యి పెట్టడు కదా అన్నది నా సిద్ధాంతం. నాలుగు రాత్రులు సిద్ధాంతం నిలబడింది. ఈలోగా చీమలు కెమెరా పెట్టెలోకి కాపురం మార్చాయి. పొడిగా, వెచ్చగా, వాటికి కావలసినట్టే ఉంది మరి. ఐదో రాత్రి ఎలుగు చీమల కోసం పెట్టె తెరిచింది. తెరవడం అంటే, కొక్కెం తీసి కాదు.

పొరపడటంలో నాకు ముందే పెద్దలున్నారు లెండి. 1791లో జార్జ్ షా అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త ఈ జంతువు పొడుగు గోళ్లు చూసి, ఇది దక్షిణ అమెరికాలో కొమ్మలకి తలకిందులుగా వేలాడే స్లాత్ జాతిదని తేల్చి పేరు పెట్టేశాడు. కాదని తర్వాత తెలిసినా, ఇంగ్లీషులో మన ఎలుగు ఇప్పటికీ స్లాత్ బేరే. ఆ 'బద్ధకపు ఎలుగు' నా కెమెరాని పట్టీతో సహా రెండు నిమిషాల్లో ఊడబీకింది. రెండు నిమిషాలని ఎలా తెలుసంటే, ఎదురుగా ఉన్న జత కెమెరా టైము వేసి మరీ ఫొటోలు తీసింది.

ఇక ఎత్తు. పులికి ఒక పక్క చారలు రెండో పక్క చారలతో కలవవు. అందుకే బాటకి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు కెమెరాలు, ఇంచుమించు మోకాలెత్తున కట్టమంటారు. మోకాలెత్తు అంటే సరిగ్గా ఎలుగు మూతి దగ్గర. నేను పదడుగుల పైకి కట్టాను. తేనెపట్టు కోసం ఎలుగు చెట్టెక్కుతుందని నాకు తెలియక కాదు, కెమెరాలో తేనె ఉండదని దానికి తెలుసనుకున్నాను. ఆ వారం మాకు పులుల వీపులు, చెవులు బోలెడు దొరికాయి. చారలు పోల్చి చూసే కుర్రాడు ఫోన్ చేసి, "ఇవి పులులా అన్నా, నులక మంచాలా?" అని అడిగాడు.

అసలు కీలకం వాసనలో ఉంది. ఎలుగుకి చూపు ఆనదు, వినికిడీ అంతంత మాత్రం, ముక్కు మాత్రం మట్టిలో ఉన్న చెదల్ని పైనుంచే పసిగడుతుంది. కాబట్టి ఆ ముక్కునే మోసం చెయ్యాలని ఒక రాత్రంతా ఆలోచించాను. మొదట నాఫ్తలీన్ ఉండలు కట్టాను. అడవిలో ఎన్నడూ లేని వాసన, అదేమిటో చూసిపోదామని ఎలుగు పనిగట్టుకుని వచ్చింది. తర్వాత గుంటూరు కారం కొబ్బరినూనెలో కలిపి పెట్టెకి పట్టించాను. అదే చేత్తో చెమట తుడుచుకున్నాను. ఆ మధ్యాహ్నం గురించి ఇంకేమీ రాయను. కారం రెండు రోజుల్లో గాలికి, ఎండకి పోయింది, కొబ్బరినూనె మాత్రం కమ్మగా మిగిలింది.

మూడోది బెల్లం. హంపీకి దగ్గర్లో దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది, 1994లో ఏర్పడింది. అక్కడ సందర్శకులకి ఎలుగులు కనబడాలని సిబ్బంది బండల మీద బెల్లపు పాకం పూస్తారు. సాయంత్రం గుట్ట మీంచి దిగి అవి బండని నాకుతుంటే జనం చూస్తారు. అది చూసొచ్చిన నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. కెమెరాకి ఇరవై అడుగుల దూరంలో బండకి బెల్లం పూస్తే ఎలుగు అటే పోతుంది, ఇటు రాదు. పూశాను. అది అటే పోయింది, తెల్లవార్లూ నాకింది, పిల్లని వీపున ఎక్కించుకుని మరీ. తర్వాత ఇటూ వచ్చింది. బెల్లం చేతులతోనే నేను బ్యాటరీలు మార్చానని నాకప్పుడు గుర్తొచ్చింది. మెమరీ కార్డులో చివరి బొమ్మ దాని నాలుక.

ఒక మిత్రుడు తెల్ల ఫ్లాషు పెట్టి భయపెట్టమన్నాడు. పెట్టి చూడండి. కాకపోతే ఉలిక్కిపడ్డ ఎలుగు అన్నిసార్లూ పారిపోదని, మీదికి కూడా వస్తుందని మరవకండి. భల్లూకపు పట్టు అన్న మాట భాషలోకి ఊరికే రాలేదు. ఫ్లాషు ఉన్నది చెట్టు మీదైతే సరే, మీ మెడలో కాకుండా చూసుకోండి.

ఇంకొకాయన తీగ లాగి కరెంటు పెట్టమన్నాడు. ఈ ఒక్కదానికి మాత్రం నా దగ్గర హాస్యం లేదు. అలాంటి తీగలకి ఎలుగులే కాదు, పశువులు చచ్చాయి, చీకట్లో పొలానికి వెళ్లిన రైతులు చచ్చారు. ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. తీగ మాట ఎత్తినవాడితో నేను మాట్లాడటం మానేశాను.

ఇనుప పెట్టె, పొడుగు మేకులు, ఉక్కు తాడు, తాళం వాడమని చెప్పేవాళ్లూ ఉన్నారు. వాటితో కెమెరా చెట్టునే ఉంటుంది, నిజమే. మరి మన బుర్ర దేనికున్నట్టు? పైగా మోయాలి. పద్దెనిమిది ఇనుప పెట్టెలు భుజాన వేసుకుని కొండెక్కేవాడికి పులి కనబడినా పరిగెత్తే ఓపిక ఉండదు.

2018 పులుల గణనలో దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3.48 కోట్ల ఫొటోలొచ్చాయి. గిన్నిస్ పుస్తకం వాళ్లు దాన్ని ప్రపంచ రికార్డుగా రాసుకున్నారు. అందులో పులులవి 76,651. ఎలుగు ముక్కుపుటాల లోపలి ఫొటోలు ఎన్నో ఎవరూ విడిగా లెక్కపెట్టినట్టు లేదు. ఆ లెక్క తీసుంటే నా పేరూ ఎక్కడో ఒక మూల ఉండేది.

పోయిన ఏడు కెమెరాల ముక్కలూ గోనెసంచిలో వేసి ఆఫీసులో అప్పగించిన రోజు, పెద్దాయన్ని నిలదీశాను. "ఇన్నేళ్లు అడవిలో ఉన్నావు, నాకో మాట చెప్పకూడదా?" అని. "చెట్టు కాడ చెప్తిని గద సారూ, నువ్వు సర్కారు అంటివి" అన్నాడు. ఆయన పద్ధతేమిటో తర్వాత చూశాను. చేతులు మట్టితో రుద్ది వాగులో కడుక్కున్నాడు. కెమెరాని అది కట్టబోయే చెట్టు ఆకులతోనే, ఆ నేల దుమ్ముతోనే తుడిచాడు. గోళ్ల గీతలున్న చెట్టునీ, పుట్ట ఉన్న చోటునీ, పూలు రాలే ఇప్పనీ వదిలేసి పక్కకి నడిచాడు. అందులో ఖర్చు లేదు, కష్టం లేదు, చెప్పుకోవడానికి గొప్ప కూడా ఏమీ లేదు. అందుకే దాన్ని చిట్కాల్లో చేర్చలేదు.

మరుసటి వేసవి కెమెరాలు నాకివ్వలేదు, ఆయనకే ఇచ్చారు. పద్దెనిమిదికి పద్దెనిమిదీ తిరిగొచ్చాయి. ఒకదాని పట్టీ మీద మాత్రం పంటిగాట్లు నాలుగున్నాయి.