మేకు మీద నమ్మకం

సత్తుపల్లిలో ఇల్లు కట్టేటప్పుడు మా ముఖద్వారం ఊరంతా చెప్పుకునేలా ఉండాలని పంతం పట్టాను. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేసుకున్నాక ఎవరికి మాత్రం ఓపిక ఉంటుంది చెప్పండి?

ముసలి వడ్రంగి మేస్త్రి ముందే చెప్పాడు. "టేకు ఇంకా పచ్చిగా ఉంది సారూ, ఆరనివ్వండి. నిలువు చెక్కకు బెజ్జం తొలవాలి, అడ్డ చెక్క కొనను మూడోవంతు మందం ఉంచి కుసి చెక్కాలి, దాన్ని బెజ్జంలోకి దించాక కొయ్య సీల కొట్టాలి. మధ్య పలక గాడిలో వదులుగా ఉండాలి. దానికి జిగురూ మేకూ వద్దు."

అదంతా చాదస్తం అనుకున్నాను. ఇంకొకరిని పిలిచి మేకులు, జిగురుతో తలుపు బిగింపించాను. ముహూర్తానికి అది తళతళలాడింది. బంధువులు మెచ్చుకుంటుంటే నేను తాటిచెట్టంత ఎదిగిపోయాను.

మే ఎండలు వచ్చాయి. పచ్చి టేకు ఆరింది, ఆరి ముడుచుకుంది, ముడుచుకోబోతే జిగురు వదల్లేదు, పలక నిలువునా పగిలింది, పగుల్లోంచి మాకు వీధి కనిపించింది, వీధికి మా ఇల్లు కనిపించింది! వానలు పడ్డాయి. మూలల్లో మేకులు వదులయ్యాయి, తలుపు వంకర తిరిగి ఉబ్బింది, ద్వారబంధంలో ఇరుక్కుంది, ఇంటికొచ్చిన చుట్టాలను పెరటి గుమ్మంలోంచి తీసుకురావాల్సి వచ్చింది.

చెట్టు నరికినా కర్రలో కదలిక ఆగదు. పొడవునా దాదాపు మారదు కానీ, అడ్డంగా తేమకు ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. ఆ కదలికకు చోటిస్తూనే పట్టు వదలకుండా అతకడమే వడ్రంగి విద్య. ఎడ్లబండి చక్రం చూడండి. ఆకుల కొనలు ఒకవైపు మధ్యలో ఉండే కుంభిలోకి, మరోవైపు అంచున ఉండే పూటీల్లోకి దిగుతాయి. చుట్టూ ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు పోస్తే, అది చల్లారుతూ ముడుచుకుని అతుకులన్నిటినీ బిగించేస్తుంది. జపాన్‌లోని హోర్యూజి ఆలయంలో ఇలాంటి అతుకులతో నిలిపిన కొయ్య కట్టడాలు 1,300 ఏళ్ళు దాటినా నిలిచే ఉన్నాయి. నా మేకుల తలుపు ఏడాది కూడా నిలవలేదు.

చివరికి ఆ ముసలి మేస్త్రి గుమ్మంలోకే వెళ్ళి నిలబడ్డాను. ఆయన ఒక్క మాట అనలేదు. ఆరిన కర్ర తెప్పించమన్నాడు, అంతే. ఆయన చేసిన తలుపు ఎండకూ వానకూ ఒకేలా తెరుచుకుంటోంది.

తొందర మనందరికీ ఉండేదే. అందుకే చెబుతున్నాను. ఇల్లు కట్టాలనుకుంటే ముహూర్తం కంటే ముందు కర్ర కొనండి, నీడలో ఆరబెట్టండి. అతుకు తెలిసిన వడ్రంగికి అడిగినన్ని రోజులు, తగినంత కూలీ ఇవ్వండి.