‘ధర కొఱకు సంప్రదింపుడు’ – టీకా తాత్పర్యములు

మూలము: ధర కొఱకు మమ్ము సంప్రదింపుడు.

అవతారిక: ఒక సాఫ్ట్‌వేర్‌లో పడిన ఆర్డరును ఇంకోదానిలో ఇన్వాయిసుగా, మరోదానిలో మెయిలుగా చేరవేసేవి ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫారాలు. పెద్ద సంస్థలకు అమ్మే మ్యూల్‌సాఫ్ట్, వర్కాటోల ప్రైసింగ్ పేజీలో అంకె ఉండవలసిన చోట పై సూత్రం ఉంటుంది. జాపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్ అంకె వేస్తాయి. కనుక మొదటివారు ధర దాచేవారు, రెండోవారు చూపేవారు అని లోకంలో వ్యాఖ్య. అది సగమే నిలుస్తుంది. వచ్చే నెల బిల్లు ఎంతో కొనేవాడు ఇవాళే కట్టి చూసుకోగలిగితేనే ధర చూపినట్టని ఈ టీకాకారుని మతం.

ప్రతిపదార్థము: ధర కొఱకు = మా ధర చెప్పుటకు ముందు మీ తాహతు తెలియుట కొఱకు; మమ్ము = అమ్మకాల విభాగమును; సంప్రదింపుడు = పేరు, కంపెనీ, ఉద్యోగుల సంఖ్య, ఫోన్ నంబరు నింపి వేచియుండుడు. అంకె అధ్యాహార్యము. తాత్పర్యము: డబ్బు సంగతి తరువాత, ముందు మీ సంగతి చెప్పండి.

విశేషాంశము అంకె వేసినవారి దగ్గరే ఉంది. ఆర్డరు రాగానే షీట్‌లో ఒక వరుస చేరాలి, ఇన్వాయిసు తయారవ్వాలి, కొన్నవారికి మెయిల్ వెళ్లాలి. నెలకు 1,000 ఆర్డర్లనుకుందాం. జాపియర్ ‘టాస్కు’లు లెక్కిస్తుంది; ఆర్డరు రాక అనే ట్రిగ్గర్‌ను వదిలేసి, సఫలమైన ప్రతి యాక్షన్‌కూ ఒకటి. మొత్తం 3,000. మేక్‌లో ట్రిగ్గర్ కూడా లెక్కే, కనుక 4,000; 2025 దాకా వీటి పేరు ఆపరేషన్లు, ఇప్పుడు క్రెడిట్లు. ఎన్‌ఎయిట్‌ఎన్‌లో వర్క్‌ఫ్లో మొదటినుంచి చివరిదాకా ఒకసారి నడిస్తే ఒక ‘ఎగ్జిక్యూషన్’, అంటే 1,000. చేసిన పని ఒక్కటే. ఈ మూడింటి డాలర్లను పక్కపక్కన పెట్టి చవక తేల్చేవాడు మానిక, తవ్వ, సోల ఒకటేననుకొని బియ్యం బేరమాడుతున్నాడు. మేక్‌లో ఆర్డరు తానుగా తలుపు తట్టకుండా మనమే పావుగంటకోసారి తొంగిచూసే ఏర్పాటైతే, ఏమీ దొరకని చూపు కూడా లెక్కలోకి వస్తుంది. 30 రోజులకు 2,880 చూపులు, ఆ 3,000 యాక్షన్లు వేరే. ఏమీ జరగనందుకు బిల్లు వేయవచ్చునని శూన్యవాదులకు సైతం తోచలేదు. అయితే ఈ నియమాలన్నీ వారి డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంటాయి, ఓపిక ఉంటే లెక్క తేలుతుంది. ఆ మేరకు వీరు నయం. ఆ మేరకే, ఎందుకంటే ముగ్గురి పేజీలోనూ చివరి గడి ఎంటర్‌ప్రైజ్; అక్కడ మళ్లీ మూల సూత్రమే.

పూర్వపక్షము: పెద్ద సంస్థల అవసరాలు ఒకదానితో ఒకటి పోలవు, అందరికీ ఒకే అంకె ఎలా వేస్తాం? సమాధానము: అవసరం మారితే మారేది పరిమాణం, యూనిట్ రేటు మారనక్కరలేదు. పెద్ద సంస్థలకూ అమ్మే మైక్రోసాఫ్ట్ ఇదే పని చేసే తన అజూర్ లాజిక్ యాప్స్ కన్‌జంప్షన్ ప్లాన్‌లో ఒక్కో బిల్ట్-ఇన్ యాక్షన్‌కు 0.000025 డాలరని దశాంశాలతో సహా ప్రకటించింది. బ్రిటన్ ప్రభుత్వం 2012లో మొదలుపెట్టిన జీ-క్లౌడ్ అనే క్లౌడ్ సేవల కొనుగోళ్లలో చేరే అమ్మకందారు ధరల పత్రం బయటపెట్టాలి. గట్టిగా అడిగేవాడుంటే అంకె దొరుకుతుందన్నమాట.

ఇంకొక ఆక్షేపణ దీనికన్నా బరువైనది. పెద్ద ఒప్పందంలో ఎలాగూ బేరం జరుగుతుంది. పైగా ఏడాదికింత అని సంతకమయ్యాక బిల్లు కదలదు, టాస్కుల లెక్కన కట్టేవాడికి దీపావళి సేల్ నెలలో ఉండే బెంగ ఇక్కడ ఉండదు. నిజమే, ఈ స్థిరత్వానికి విలువ ఉంది. కానీ బేరంలో అమ్మేవాడికి ఇతరులు కట్టినదంతా తెలుసు, కొనేవాడికి తన కొటేషన్ ఒక్కటే తెలుసు. ప్రకటించిన రేటు ఉంటే కనీసం ఎక్కడి నుంచి దిగాడో తెలుస్తుంది. స్థిరత్వమూ ఒప్పందం గడువు వరకే. మ్యూల్‌సాఫ్ట్ ఒకప్పుడు వీకోర్లు, అంటే ప్రాసెసర్ సామర్థ్యం, లెక్కించి అమ్మేది. తర్వాత ఫ్లోలు, మెసేజీలు లెక్కించే పద్ధతి తెచ్చింది. రెన్యువల్‌కు కూర్చున్నవాడు పాత బిల్లును కొత్త కొలతలోకి మార్చుకోవాలంటే ఆ మార్పిడి రేటుకు కూడా సంప్రదించవలసినది వారినే.