ఒంటరితనానికి రెండో టేక్

సరే, ఇక అందరూ కెయిర్న్స్ నుంచి డార్విన్‌కి ఒక్కరే వ్యానేసుకుని బయల్దేరాలన్నమాట. మొన్నటిదాకా లడఖ్‌కి బైకు సరిపోయేది. ఇప్పుడు లడఖ్‌లో ట్రాఫిక్ జామవుతోంది, పైగా అక్కడ పక్కవీధి కుర్రాడు కూడా ఎదురవుతున్నాడు. అందుకని ఆస్ట్రేలియా. ముప్పై దాటని మనవాళ్లకి ఏటా వెయ్యి వీసాల లాటరీ అంటూ 2024లో అక్కడి ప్రభుత్వం తలుపు కాస్త ఓరగా తీసిందో లేదో, ఫోను నిండా ఎర్రమట్టి, నీలం సముద్రం, మధ్యలో తెల్ల వ్యాను, వెనకనుంచి గిటారు, ఆ గిటారు మీద ఓ తెలుగు గొంతు: "గైస్, ఇక్కడ నేను తప్ప మనిషన్నవాడు లేడు."

లేడు సరే. మరి కెమెరా ఎవరు పట్టుకున్నారు నాయనా?

నా బాధంతా ఆ షాటుతోనే. మీరూ చూసే ఉంటారు. తిన్నగా సాగిపోయే రోడ్డు, వ్యాను మనకి దూరమవుతూ దూరమవుతూ చివరికి చుక్కై ఎండమావిలో కలిసిపోతుంది. చూసేవాడికి గుండె బరువెక్కుతుంది. నాకు మాత్రం లెక్కలొస్తాయి. బండి ఆపాలి. దిగాలి. ట్రైపాడ్ పాతాలి. ఫ్రేము సరిచూసుకోవాలి. రికార్డింగు నొక్కి పరుగెత్తి బండెక్కాలి. చుక్కయ్యేదాకా నడపాలి. ఆపాలి. వెనక్కి తిప్పాలి. ట్రైపాడ్ దగ్గరికి రావాలి, దాన్ని మడిచి లోపల పడేసుకోవాలి, మళ్లీ అదే దారిన పోవాలి. అంటే తెరమీద ఒక్కసారి సాగిన ఏకాంతం నేలమీద మూడుసార్లు సాగింది. డీజిలు కూడా మూడింతలు తాగింది.

ఇదంతా ఒకే టేకులో ఓకే అయితేనే. మధ్యలో రోడ్ ట్రైన్ వచ్చిందనుకోండి, యాభై మీటర్లు దాటిన పొడవు, మూడు నాలుగు ట్రెయిలర్లు తగిలించుకున్న లారీ, అది ఫ్రేములోంచి పోవడానికే ఓ యుగం పడుతుంది. ఆ డ్రైవరు పాపం అక్కడి అలవాటు ప్రకారం స్టీరింగు మీంచి వేలెత్తి పలకరిస్తాడు. వందల కిలోమీటర్లలో ఎదురైన మనిషి, మర్యాదగా పలకరించాడు. వాడి వల్ల షాటు పాడైంది. రెండో టేక్.

తెల్లవారుజాము షాటు ఇంతకన్నా ఘనం. వ్యాను వెనక తలుపులు తెరుచుకుంటాయి, లోపల దుప్పటి కదులుతుంది, మనవాడు ఒళ్లు విరుచుకుని సముద్రాన్ని తొలిసారి చూసినట్టు చూస్తాడు. కెమెరా బయట ఇసకలో ఉంది. అంటే అప్పటికే ఒకసారి లేచి, ముఖం కడుక్కుని, తలుపు తీసి, బయట కెమెరా పెట్టి, తిరిగొచ్చి తలుపేసుకుని పడుకుని, ఇప్పుడు లేస్తున్నాడు. పెళ్లి వీడియో తీసేవాడు "బాబూ, ఆ తాళి ఇంకోసారి కట్టండి" అన్నట్టుంది వ్యవహారం. కనీసం అక్కడ అడిగేవాడు ఇంకొకడు ఉంటాడు. ఇక్కడ పెళ్లికొడుకూ, పురోహితుడూ, వీడియో తీసేవాడూ ఒక్కడే, దానికి పేరు సోలో ట్రిప్.

డ్రోనుంది కదా అంటారు. ఉంది. ఉలూరు, కకాడు నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు, అందుకే ట్రైపాడ్ ఇంకా బతికుంది.

మిగతావి ఒక్కో ముక్కలో చెప్పుకుందాం. ఉష్ణమండల తీరం స్వర్గమట: నవంబరు నుంచి మే దాకా బాక్స్ జెల్లీఫిష్ భయానికి వల కట్టినచోటే మునగాలి, గట్టున వెనిగర్ సీసాలు పెట్టి ఉంటాయి. ఏడాది పొడుగునా, ఏరు సముద్రంలో కలిసే చోట్ల మొసలి బోర్డు. స్వేచ్ఛట: పొద్దుగూకాక కంగారూలు రోడ్డెక్కుతాయి, ఊళ్ల అవతల చీకట్లో బండి నడపకూడదని చాలా అద్దె కాగితాల్లోనే రాసి ఉంటుంది, సంతకం పెట్టి మరీ పుచ్చుకున్న స్వేచ్ఛ. అడవి దారట: గిబ్ రివర్ రోడ్డు వానాకాలంలో మూసేస్తారు, తెరిచిన నెలల్లో వ్యాన్ల వెనక వ్యాన్లు, అందరూ ఒంటరివాళ్లే.

ఇదంతా నవ్వుకుని ఊరుకునేదే. కుర్రతనం, సరదా, డబ్బులు వాడివి. నాకు ఒళ్లు మండేది ఆ ఒక్క మాట దగ్గర. ఎవరూ లేరు.

ఆ మాట ఇదివరకూ ఒకరన్నారు. ఆ ఖండం ఎవరిదీ కాని నేల అన్న లెక్క మీదే బ్రిటిష్ వాళ్లు అక్కడ జెండా పాతి కూర్చున్నారు. అరవై వేల ఏళ్ల పైబడి అక్కడ బతుకుతున్న జనం లెక్కలోకే రాలేదు. ఆ లెక్క తప్పని అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకునేసరికి 1992 వచ్చింది. కేసు వేసినవాళ్లలో ఎడీ మాబో ఒకడు. టారెస్ జలసంధిలోని మెర్ దీవి మనిషి. టౌన్స్‌విల్ యూనివర్సిటీలో తోటమాలి. తన తాతల నేల చట్టప్రకారం తమది కాదని అక్కడి ప్రొఫెసర్ల నోట విని నిర్ఘాంతపోయినవాడు. తీర్పు రావడానికి కొన్ని నెలల ముందే చనిపోయాడు. మన వ్లాగరు ఆ టౌన్స్‌విల్ మీదుగానే పోతాడు. అక్కడ ఆగుతాడు కూడా, కాఫీకి. గంట తర్వాత కెమెరా ముందు నిలబడి, కోర్టు కొట్టేసిన మాటనే గిటారు కలిపి మళ్లీ చెబుతాడు.

డెయిన్‌ట్రీ అడవిలో ఈస్టర్న్ కుకు యలాంజీ ప్రజలున్నారు. ఆ నేషనల్ పార్కును 2021లో వాళ్లకి తిరిగి అప్పగించారు. ఉలూరు కొండ అనంగు జనానిది. మా పవిత్రస్థలం, దయచేసి ఎక్కకండి అని ఏళ్ల తరబడి బోర్డు పెట్టి బతిమాలుకున్నారు. 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం బంద్ అని ప్రకటిస్తే, ఆలోగా ఎక్కేయాలని జనం బారులు తీరారు. లేని మనుషులు ఎలా బతిమాలతారు చెప్పండి?

ఎవరూ లేరనుకున్నవాడికి ఏం జరుగుతుందో కూడా ఆ నేల ఎప్పుడో చూపించింది. 1860లో బర్క్, విల్స్ అనే దొరలు దక్షిణాన మెల్‌బోర్న్ నుంచి ఉత్తర తీరానికి ఎడారి దాటుతామని ఒంటెలతో బయల్దేరారు. ఆ ఒంటెల్ని తోలింది మన ఉపఖండం వైపు నుంచి వెళ్లిన మనుషులు. వాళ్ల పేర్లెవరికి గుర్తు? దొరలు తీరం దగ్గరిదాకా పోయి, తిరుగుదారిలో కూపర్ క్రీక్ ఒడ్డున తిండిలేక చచ్చారు. అదే ఒడ్డున యండ్రువండ జనం చేపలు పట్టుకుని, నార్డూ అనే మొక్క నుంచి పిండి దంచుకుని బతుకుతున్నారు. తమ తిండిలోంచి వీళ్లకీ పెట్టారు. పెట్టినవాళ్ల మీదకే ఒకనాడు బర్క్ తుపాకి పేల్చాడు. తీరం వైపు వెళ్లిన జట్టులో, చివరికి ఆ జనాన్ని ఆశ్రయించిన కింగ్ అనేవాడొక్కడే ప్రాణాలతో బయటపడ్డాడు. పట్టణాల్లో విగ్రహాలు మాత్రం బర్క్‌కీ విల్స్‌కీ లేచాయి.

ఇంకొకటుంది. మన వ్లాగరు దాటిపోయే తీరప్రాంతపు ఊళ్లలోనే, అద్దె కట్టలేక కార్లో పడుకునేవాళ్లున్నారు. బీచి పక్కనే, వ్యాను పక్కనే. ఇతను వ్యానులో పడుకుంటే మినిమలిజం. వాడు పాత కారులో పడుకుంటే నేరం, కౌన్సిల్ మనిషొచ్చి కిటికీ తడతాడు. ఇద్దరిదీ ఒకే సముద్రం. వాడికి రెండో టేకు లేదు.

ఇంతకీ ఈ ఒంటరివాణ్ణి మోస్తున్నది ఎంతమంది! రెండు వందల కిలోమీటర్లకో రోడ్‌హౌస్, అందులో తెల్లారకుండా లేచి బంకు తెరిచేవాళ్లు. దారి తప్పితే వెతకడానికి వచ్చే వలంటీర్లు. గుండె పట్టేస్తే విమానంలో దిగే ఫ్లయింగ్ డాక్టరు, 1928లో ఈ దారిలోనే ఉన్న క్లాన్‌కరీలో మొదలైన సేవ అది. అరటి తోటల్లో ఎండకి మాడుతూ గెలలు మోసేవాళ్లు. ఆ వీసా మీద రెండో ఏడు ఉండాలంటే మనవాడూ అలాంటి నిర్ణీత పనేదో ఒకటి మూడు నెలలు చెయ్యాలి, ఆ ఎపిసోడ్‌కి గిటారు ఉండదు. ఇంటి దగ్గర అమ్మ, రోజూ రాత్రి లొకేషన్ చూసుకుని గాని పడుకోదు. వీళ్లలో ఒక్కరూ ఫ్రేములో పట్టలేదు. పట్టకుండా చూడ్డమే కదా అక్కడ అసలు కష్టమంతా.

సరే, చేసే పనుల్లో నిజంగా ఒక్కడే చేసేది ఒకటుంది. వ్యాను పక్కన చిన్న తలుపు. అది తీస్తే టాయిలెట్ కింది ప్లాస్టిక్ డబ్బా. నీలం మందు కలిసిన ఆ డబ్బాని మూడు నాలుగు రోజులకోసారి బయటికి లాగి, కారవాన్ పార్కులో డంప్ పాయింట్ దాకా మోసుకుపోయి, ముఖం అటు తిప్పుకుని ఒంపి, కడిగి, మళ్లీ తెచ్చి బిగించాలి. ఎవరూ సాయానికి రారు, ఎవరూ వేలెత్తి పలకరించరు. ఇన్ని వందల వీడియోల్లో ఇంతవరకు ఆ షాటు ఒక్కటీ నా కంటపడలేదు. ఎవరైనా ట్రైపాడ్ పెట్టి తీస్తే లింకు పంపండి, గంట బొమ్మ కూడా నొక్కుతాను.